అండం చుట్టూ ఉన్న కణాలను హార్మోన్లు ఎలా సిద్ధం చేస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి సంతానం చికిత్స కోసం బెంగళూరు వచ్చే తెలుగువాళ్లు, ఇక్కడే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలో కాపురముంటూ ఫాలిక్యులర్ స్కాన్లకు తిరిగేవాళ్లు, హెబ్బాళ వెటర్నరీ కాలేజీలోనూ బయోటెక్ కోర్సుల్లోనూ చదివే తెలుగు విద్యార్థులు అడిగే సందేహాలు ఎక్కువగా ఇవే. అందరూ అండం గురించే అడుగుతారు. అయితే హార్మోన్ కబురు ముందుగా అందేది అండాన్ని చుట్టుకుని ఉన్న కణాలకి. వాటి సంగతి తెలిస్తే ఇంజెక్షన్ వేళ నిమిషాలతో సహా ఎందుకు చెబుతారో, సైజు బాగున్నా అండం ఎందుకు దొరకదో అర్థమవుతుంది. ఏ ప్రశ్న దగ్గర్నుంచైనా చదవొచ్చు. ఇక్కడ రాసిన మోతాదులు మామూలుగా వాడేవి. మీకు మాత్రం మీ డాక్టర్‌గారు చీటీలో రాసిందే లెక్క.

## ఫాలికల్ పెరిగే రోజులు

స్కాన్‌లో ఎగ్ సైజు 18 వచ్చిందన్నారు. అండం అంత పెద్దగా ఉంటుందా?

ఉండదు. 18 అనేది ఫాలికల్ కొలత, అంటే అండం ఉండే నీటి సంచి అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. లోపలి అండం సుమారు 0.12 మిల్లీమీటర్లే, మామూలు స్కాన్‌లో కనిపించదు. ఫాలికల్ 4, 5 నుంచి 20కి పెరిగే రెండు వారాల్లో అండం సైజు పెద్దగా మారదు. పెరిగేవల్లా లోపలి ద్రవం, గోడలోని కణాలు. 17, 18 దాటిన ఫాలికల్‌లో ఆ కణాలు ఎల్‌హెచ్ హార్మోన్‌ని (మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి అండం విడుదలకి ఆజ్ఞ ఇచ్చేది) అందుకోవడానికి సిద్ధంగా ఉండే అవకాశం ఎక్కువ. సైజు కొలిచేది అందుకే. అండం నాణ్యత ఆ అంకెలో లేదు.

అండం చుట్టూ ఉండే కణాలన్నీ ఒకటేనా?

కావు. ఫాలికల్ గోడకి బయటివైపు థీకా కణాలుంటాయి, వాటికి రక్తనాళాలు ఉంటాయి. వాటి లోపల ఒక పలచని పొర, ఆ పొరకి లోపలివైపు గ్రాన్యులోసా కణాలు. ఫాలికల్‌లో ద్రవం చేరేకొద్దీ గ్రాన్యులోసా కణాలు రెండు గుంపులుగా విడిపోతాయి. గోడకి అంటుకుని ఉండిపోయేవి ఒక గుంపు, అండాన్ని కప్పుకుని ఉండేవి ఇంకో గుంపు. ఈ రెండో గుంపునే క్యుములస్ కణాలంటారు. పుట్టుక ఒకటే అయినా పనులు వేరు. గోడ కణాలు హార్మోన్లు తయారుచేస్తాయి, ఎల్‌హెచ్‌ని పట్టుకుంటాయి. క్యుములస్ కణాలు అండాన్ని పోషిస్తాయి, చివర్లో అండంతోపాటే బయటికి వెళ్తాయి.

ఈ తేడా తెచ్చేది అండమే. అండం నుంచి జీడీఎఫ్9, బీఎంపీ15 అనే ప్రోటీన్లు ఊరుతుంటాయి. వాటి ప్రభావం దగ్గరున్న కణాల మీద ఎక్కువ, దూరంగా గోడ దగ్గరున్న వాటి మీద తక్కువ. క్యుములస్ కణాల్లో ఎల్‌హెచ్ రిసెప్టర్లు (ఎల్‌హెచ్‌ని పట్టుకునే గ్రాహకాలు) పెద్దగా రాకుండా ఆపేది కూడా ఇవే. జీడీఎఫ్9 జన్యువు తీసేసిన ఆడ ఎలుకల్లో ఫాలికల్స్ తొలిదశలోనే ఆగిపోతాయని 1996లోనే తేలింది. అండం ఊరికే కూర్చుని పోషణ అందుకుంటుందనే భావన అప్పటినుంచే మారుతూ వచ్చింది.

ఆ కణాలు అండానికి ఏం చేసిపెడతాయి?

తిండి పెడతాయి. అండం గ్లూకోజ్‌ని సొంతంగా సరిగా వాడుకోలేదు. క్యుములస్ కణాలు గ్లూకోజ్‌ని పైరువేట్‌గా మార్చి అందిస్తాయి. అండం మీద జోనా అనే దళసరి పొర ఉంటుంది కదా, క్యుములస్ కణాలు సన్నటి పోగుల్లాంటి కాళ్లు చాచి ఆ పొరని దాటి అండం ఒంటిని తాకుతాయి. తాకిన చోట గ్యాప్ జంక్షన్లు అనే సూక్ష్మ మార్గాలుంటాయి. పైరువేట్, అమైనో ఆమ్లాలు, సంకేతాలు మోసే చిన్న అణువులు వాటిగుండా అండంలోకి పోతాయి. ప్రోటీన్లంత పెద్దవి ఆ మార్గాల్లో పట్టవు.

ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ అండం మీద పనిచేస్తుందా, కణాల మీదా?

గ్రాన్యులోసా కణాల మీద. అవి ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికల్‌ని పెంచే హార్మోన్) అందగానే మూడు పనులు మొదలుపెడతాయి: సంఖ్య పెంచుకుంటాయి, అరోమటేజ్ అనే ఎంజైమ్ తయారుచేస్తాయి, కొన్ని రోజులకి గోడ కణాల్లో ఎల్‌హెచ్ రిసెప్టర్లు మొలిపిస్తాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎఫ్‌ఎస్‌హెచ్ తగినన్ని రోజులు అందకుండా ట్రిగ్గర్ (అండాన్ని చివరి దశకి కదిలించే ఇంజెక్షన్) ఇచ్చేస్తే, దాన్ని పట్టుకునే రిసెప్టర్లు చాలక ఇంజెక్షన్ వృథా అవుతుంది. ఐవీఎఫ్‌లో 9 నుంచి 12 రోజులు ఓపిక పట్టించేది ఇందుకే.

ఈస్ట్రోజన్ తయారీలో కూడా రెండు రకాల కణాలు కలిసి పనిచేస్తాయి. థీకా కణాలు ఎల్‌హెచ్ ప్రభావంతో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే పురుష హార్మోన్ చేస్తాయి, గ్రాన్యులోసా కణాలు అరోమటేజ్‌తో దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఏ ఒక్క రకానికీ మొత్తం పని ఒంటరిగా చేతకాదు.

లెట్రోజోల్ ఈస్ట్రోజన్‌ని తగ్గిస్తుంది కదా, మరి ఫాలికల్ పెరగడానికి ఎందుకిస్తారు?

అది అరోమటేజ్‌ని కొన్నాళ్లు ఆపుతుంది. ఈస్ట్రోజన్ తగ్గిందని మెదడు గమనించి ఎఫ్‌ఎస్‌హెచ్‌ని పెంచుతుంది. ఆ ఎఫ్‌ఎస్‌హెచ్‌తో ఫాలికల్ పెరుగుతుంది. సాధారణంగా నెలసరి 2 లేదా 3వ రోజు నుంచి 5 రోజులు, రోజుకి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మాత్రలు ఆపిన కొద్ది రోజులకే మందు ఒంట్లోంచి పోతుంది, ఈస్ట్రోజన్ మళ్లీ లేస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ దానంతటదే తగ్గుతుంది. అందుకే లెట్రోజోల్‌తో ఎక్కువగా ఒక్క ఫాలికలే పైకి వస్తుంది, కవలల భయం తక్కువ.

పీసీఓడీ ఉంది. ఫాలికల్స్ 8, 9 దగ్గరే ఆగిపోతున్నాయి. ఎందుకు?

మామూలుగా గోడ కణాల్లో ఎల్‌హెచ్ రిసెప్టర్లు ఫాలికల్ 10 మిల్లీమీటర్లకి దగ్గరపడ్డాక వస్తాయి. అండం విడుదల కాని పీసీఓడీలో చిన్న ఫాలికల్స్‌లోనే వచ్చేస్తాయి. పైగా చాలామందిలో ఎల్‌హెచ్, ఇన్సులిన్ రెండూ ఎక్కువగా ఉంటాయి. ఇన్సులిన్ ఎల్‌హెచ్ ప్రభావాన్ని ఇంకా పెంచుతుంది. దాంతో కణాలు విభజన ఆపేసి, పెరగాల్సిన వయసులోనే పండినట్టు ప్రవర్తిస్తాయి. థీకా కణాలు పురుష హార్మోన్లు ఎక్కువగా చేస్తాయి, చిన్న ఫాలికల్స్ గుంపుగా చేసే ఏఎంహెచ్ అనే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ పనికి అడ్డుపడుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల తిరిగి మొదలవడానికి ప్రధాన కారణం ఇన్సులిన్ తగ్గడమే.

ఏఎంహెచ్ తక్కువొచ్చింది. అండాలు బాగోలేవని అర్థమా?

కాదు. ఏఎంహెచ్‌ని చిన్న ఫాలికల్స్‌లోని గ్రాన్యులోసా కణాలు చేస్తాయి. 8, 10 మిల్లీమీటర్లు దాటాక ఆ తయారీ తగ్గిపోతుంది. కాబట్టి అది వరసలో ఎన్ని చిన్న ఫాలికల్స్ ఉన్నాయో చెబుతుంది. నాణ్యతకి వయసే మెరుగైన సూచన.

## ట్రిగ్గర్‌కి ముందు

అండం మనం పుట్టకముందే ఆగిపోయి ఉంటుందట. ఇన్నేళ్లు దాన్ని ఆపేది ఏది?

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ పాప అండాలన్నీ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. అలా ఆగినవి పదమూడేళ్లకో నలభై ఏళ్లకో కదులుతాయి. ఆపేది ఏమిటనే ప్రశ్నకి మొదటి ఆధారం 1935లో దొరికింది. పింకస్, ఎంజ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు అండాల్ని ఫాలికల్ నుంచి తీసి గిన్నెలో పెడితే, ఏ హార్మోన్ ఇవ్వకుండానే అవి విభజన తిరిగి మొదలుపెట్టాయి. అంటే పూర్తిగా ఎదిగిన అండానికి ముందుకు పోయే సత్తా ఉంది, దాన్ని పట్టి ఉంచేది ఫాలికలే.

ఎలా పట్టి ఉంచుతుందో 2009, 2010లలో స్పష్టమైంది. గోడ కణాలు సీఎన్‌పీ అనే చిన్న ప్రోటీన్ వదులుతాయి. క్యుములస్ కణాల మీద దానికో రిసెప్టర్ ఉంది, పేరు ఎన్‌పీఆర్2. సీఎన్‌పీ తగలగానే కణం లోపల సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువు తయారవుతుంది. అది గ్యాప్ జంక్షన్ల గుండా అండంలోకి వెళ్లి, పీడీఈ3ఏ అనే ఎంజైమ్‌ని అణచి ఉంచుతుంది. ఆ ఎంజైమ్ పని అండంలోని సైక్లిక్ ఏఎంపీ అనే ఇంకో సంకేత అణువుని విరగ్గొట్టడం. అది అణిగి ఉన్నంతకాలం సైక్లిక్ ఏఎంపీ నిండుగా ఉంటుంది, అండం కదలదు. ఎన్‌పీఆర్2ని నిలబెట్టడంలో ఈస్ట్రోజన్ పాత్ర కూడా ఉంది. ఫాలికల్ పెరిగే రోజుల్లో ఈస్ట్రోజన్ గర్భాశయం పొరకే పనికొస్తుందనుకుంటారు గానీ, అండాన్ని తొందరపడకుండా ఆపడంలో కూడా దానికి వాటా ఉంది.

ఎల్‌హెచ్ సర్జ్ ఏ రోజు రావాలో ఒంటికి ఎలా తెలుస్తుంది?

సర్జ్ అంటే ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిరావడం. అది ఎప్పుడో ఈస్ట్రోజన్ చెబుతుంది. తక్కువగా ఉన్నప్పుడు అది మెదడుని అదుపులో పెడుతుంది. మిల్లీలీటరు రక్తంలో సుమారు 200 పికోగ్రాములు దాటి రెండు రోజులపాటు నిలిస్తే ప్రభావం తిరగబడుతుంది. హైపోథాలమస్‌లోని కిస్‌పెప్టిన్ కణాలు ఉత్తేజితమై, పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ ఒక్కసారిగా విడుదలవుతుంది. పండిన ఫాలికల్ ఒక్కోటి 200 నుంచి 300 పికోగ్రాముల ఈస్ట్రోజన్ ఇస్తుంది కనుక, తన గ్రాన్యులోసా కణాలు సిద్ధమైన సంగతిని ఫాలికలే మెదడుకి తెలియజేసినట్టు.

ఐవీఎఫ్‌లో 13, 14 సైజు రాగానే ఇంకో ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఎందుకు?

పది ఫాలికల్స్ ఒకేసారి పెరిగితే ఈస్ట్రోజన్ ముందే ఎక్కువై, కణాలు పూర్తిగా సిద్ధం కాకముందే సర్జ్ వచ్చేస్తుంది. దాన్ని ఆపేందుకు సెట్రోరెలిక్స్ లేదా గానిరెలిక్స్ 0.25 మిల్లీగ్రాములు రోజూ ఒకే వేళకి ఇస్తారు. అదే పనికి కొందరికి ప్రొజెస్టరాన్ రకం మాత్రలు వాడి, పిండాలను ఫ్రీజ్ చేస్తారు. ఈ ఇంజెక్షన్ ఒక్కరోజు మరిచిపోతే ఆ రాత్రే సర్జ్ వచ్చే ప్రమాదం ఉంది. గుర్తురాగానే క్లినిక్‌కి ఫోన్ చేయండి, మర్నాటి స్కాన్ దాకా ఆగకండి.

## ట్రిగ్గర్ తర్వాత గంటలు

ఎల్‌హెచ్ నేరుగా అండం మీద పనిచేయదా?

పనిచేయదు. అండంమీద ఎల్‌హెచ్ రిసెప్టర్లు లేవు, క్యుములస్ కణాల్లో బహుతక్కువ. ఎల్‌హెచ్‌ని పట్టుకునేవి గోడ కణాలు. అవి గంటా రెండు గంటల్లోనే యాంఫిరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ అనే మూడు ప్రోటీన్లు విడుదల చేస్తాయి. ఇవి ద్రవంలో ప్రయాణించి క్యుములస్ కణాల మీది ఈజీఎఫ్ రిసెప్టర్లకి తగులుతాయి. ఎలుకల మీద ఈ సంగతి 2004లో బయటపడింది. దానికి ముందు చాలాకాలం క్యుములస్ కణాలకి ఎల్‌హెచ్ కబురు ఎలా చేరుతుందనేది తెగని ప్రశ్నగానే ఉండేది.

ఈలోగా సైక్లిక్ జీఎంపీ తగ్గుతుంది. ఎన్‌పీఆర్2 మందగిస్తుంది, సీఎన్‌పీ పడిపోతుంది, గ్యాప్ జంక్షన్లు మూసుకోవడం మొదలవుతుంది. అండంలోని సైక్లిక్ జీఎంపీ తిరిగి బయటికి జారిపోతుంది. పీడీఈ3ఏ లేచి సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతుంది. అప్పుడు అండం కేంద్రకం పొర కరిగి, ఏళ్ల క్రితం ఆగిన విభజన కదులుతుంది.

క్యుములస్ విప్పారడం అంటే ఏమిటి? మైక్రోస్కోప్‌లో ఎలా ఉంటుంది?

ట్రిగ్గర్‌కి ముందు క్యుములస్ కణాలు అండానికి గట్టిగా అతుక్కుని, నల్లటి చిన్న ముద్దలా ఉంటాయి. ట్రిగ్గర్ పనిచేశాక అదే ముద్ద జిగటగా, పారదర్శకంగా ఉబ్బి, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. గిన్నెలో మామూలు కంటికి కూడా కనిపిస్తుంది. నానిన సబ్జా గింజ చూశారుగా, నడుమ గింజ, చుట్టూ తేటగా జిగురు, అలా. అండానికి ఆనుకుని ఉన్న కణాల వరస (దాని పేరు కరోనా) కిరణాల్లా విచ్చుకుని, మిగతా కణాలు జిగురులో దూరదూరంగా చెదిరి ఉంటాయి.

ఆ జిగురు హయలురోనన్. క్యుములస్ కణాల్లో హెచ్‌ఏఎస్2 అనే ఎంజైమ్ దాన్ని పొడవాటి గొలుసులుగా అల్లుతుంది. గొలుసులు ఒక్కటే ఉంటే ద్రవంలో కలిసి కొట్టుకుపోతాయి, నిలబెట్టే కట్లు కావాలి. టీఎస్‌జీ6, పెంట్రాక్సిన్ 3 అనే రెంటిని ఫాలికల్ కణాలే చేస్తాయి. మూడోది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఇంటర్ ఆల్ఫా ఇన్హిబిటర్. అది మామూలప్పుడు ఫాలికల్‌లోకి రాదు. ఎల్‌హెచ్ తర్వాత ఫాలికల్ చుట్టూ రక్తనాళాలు కాస్త కారడం మొదలైతేనే లోపలికి చేరుతుంది. టీఎస్‌జీ6 దాని భాగాలను తీసి హయలురోనన్‌కి అతికిస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకుండా చేసినా ఆడ ఎలుకల్లో జిగురు నిలవదు, సంతానం కుంటుపడుతుంది. ఎక్కడో కాలేయంలో పుట్టిన ప్రోటీన్, సరిగ్గా ఆ కొద్ది గంటల్లో, అండం చుట్టూ చేరి అల్లిక బిగించడం ఈ విషయం మొత్తంలో మమ్మల్ని ఎక్కువ ఆశ్చర్యపరిచే ఘట్టం.

జిగురు పని అలంకారం కాదు. ఫెలోపియన్ ట్యూబు చివరి వేళ్లమీది సిలియాలు (కదిలే సన్నటి నూగు) పట్టుకోగలిగేది ఈ జిగురు ముద్దనే. ఒట్టి అండం వాటికి సరిగా చిక్కదు.

అండం తీయడానికి 36 గంటలే ఎందుకు? 30కో 40కో తీస్తే?

అండం కేంద్రకం పొర కరగడానికి సుమారు 15 నుంచి 20 గంటలు, మొదటి విభజన పూర్తయి ఎం2 దశకి (వీర్యకణాన్ని అందుకోవడానికి అండం సిద్ధమయ్యే దశ) చేరడానికి ఇంకో 15 గంటల పైచిలుకు పడుతుంది. క్యుములస్ విప్పారి అండం గోడ నుంచి వదులవడానికి కూడా సమయం కావాలి. 30 గంటలకి వెళ్తే చాలా అండాలు పచ్చిగా ఉంటాయి, సూదితో లాగినా గోడని వదలవు. 38, 40 గంటలు దాటితే ఫాలికల్స్ వాటంతటవే పగిలి అండాలు పొట్టలోకి జారిపోవచ్చు. 34 నుంచి 36 గంటలనేది ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకైన సందు.

అనంతపురం నుంచి బస్సులో వస్తూ ట్రిగ్గర్ వేళ దాటిపోయింది. ఏం చేయాలి?

ఎన్ని గంటలకి వేసుకున్నారో నిజం చెప్పండి, అంతే. మంగళవారం రాత్రి 9:30కి వేసుకోవాల్సింది 10:30కి వేసుకుంటే, గురువారం ఉదయం 9:30 బదులు 10:30కి తీస్తారు. థియేటర్ వేళ సర్దడం పెద్ద విషయం కాదు. తిడతారేమోనని "9:30కే వేసుకున్నాం" అంటేనే నష్టం.

ఆ రోజు ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. తప్పదంటే మందు పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత చూడండి. 2 నుంచి 8 డిగ్రీలు అని ఉంటే ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో, మందు ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టి తెండి. గడ్డకట్టిన హార్మోన్ పనికిరాదు. పొడి సీసా రకమైతే ద్రవం కలిపాక పొడి పూర్తిగా కరిగిందో లేదో చూసి మొత్తం సిరంజిలోకి తీయాలి, కొంత సీసాలోనే మిగిలిపోవడం తరచు జరిగే పొరపాటు. అండం తీసే ఉదయం ఎన్‌హెచ్ 44 మీదుగా వచ్చేవాళ్లు హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు. ముందురాత్రే బెంగళూరు చేరి క్లినిక్ దగ్గర్లో ఉండండి.

హెచ్‌సీజీ ఇంజెక్షన్‌కీ, ట్రిప్టోరెలిన్ ట్రిగ్గర్‌కీ తేడా ఏమిటి?

హెచ్‌సీజీ మామూలుగా గర్భం వచ్చాక తయారయ్యే హార్మోన్. అది కూడా ఎల్‌హెచ్ రిసెప్టర్‌నే పట్టుకుంటుంది. 5,000 నుంచి 10,000 యూనిట్లు, లేదా రీకాంబినెంట్ రకమైతే 250 మైక్రోగ్రాములు ఇస్తారు. ఎల్‌హెచ్ రక్తంలో గంట అటూఇటూగా సగమైపోతే, హెచ్‌సీజీ సగమవడానికి ఒక రోజు పైనే పడుతుంది. అన్ని రోజులు గ్రాన్యులోసా కణాల్ని తడుతూ ఉండటంతో అవి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతాయి. రక్తనాళాలు కారి పొట్టలో నీరు చేరే ఓహెచ్‌ఎస్‌ఎస్ ప్రమాదం అక్కడ్నుంచే వస్తుంది. ట్రిప్టోరెలిన్ 0.2 మిల్లీగ్రాములు ఇస్తే మీ పిట్యూటరీయే సొంత ఎల్‌హెచ్‌ని వదులుతుంది, అది ఒకటి ఒకటిన్నర రోజులో తగ్గిపోతుంది. ఫాలికల్స్ చాలా ఎక్కువున్నవాళ్లకి ఇదే భద్రం. అయితే తర్వాతి రోజుల్లో ప్రొజెస్టరాన్ బలహీనపడుతుంది కనుక చాలాసార్లు పిండాలను ఫ్రీజ్ చేస్తారు. పిట్యూటరీని ముందే నిద్రపుచ్చిన లాంగ్ ప్రోటోకాల్‌లో ఇది పనిచేయదు.

ఫాలికల్ గోడ అసలు ఎలా పగులుతుంది? నీరెక్కువై పేలుతుందా?

ఒత్తిడికి పేలదు. ఎల్‌హెచ్ తర్వాత గోడ కణాల్లో ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు కొత్తగా పుడతాయి. వాటి ఆజ్ఞతో ఏడీఏఎంటీఎస్1 లాంటి ఎంజైమ్‌లు తయారై, అండాశయం పైతలానికి దగ్గరున్న చోట గోడ అల్లికని కోస్తాయి. ప్రొస్టాగ్లాండిన్లు తోడవుతాయి. ప్రొజెస్టరాన్ రిసెప్టర్ లేని ఎలుకల్లో ఫాలికల్ పెరుగుతుంది, క్యుములస్ విప్పారుతుంది, అండం మాత్రం లోపలే చిక్కుకుంటుంది. యులిప్రిస్టాల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్ర ఈ రిసెప్టర్‌నే అడ్డుకుని పగలడాన్ని వాయిదా వేస్తుంది.

ఆ రోజుల్లో నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

పారాసిటమాల్ వేసుకోవచ్చు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఎటోరికాక్సిబ్ వద్దు. ఇవి ప్రొస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. కాక్స్2 ఎంజైమ్ ట్రిగ్గర్ తర్వాత గ్రాన్యులోసా, క్యుములస్ కణాల్లో బాగా పెరుగుతుంది, దాన్నే ఇవి మూసేస్తాయి. హార్మోన్లన్నీ సరిగ్గా ఉన్నా ఫాలికల్ పగలకుండా ఉండిపోవచ్చు. ప్రొజెస్టరాన్ మాత్రం పెరుగుతుంది, రిపోర్టు చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నెలసరి నొప్పికి ఇంట్లో ఉంచుకున్న మాత్రని నడుము నొప్పికని వేసుకునేవాళ్లు చాలామంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాం. డాక్టర్‌గారు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ని మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

## ల్యాబ్‌లో

స్కాన్‌లో 12 ఫాలికల్స్ ఉన్నాయన్నారు, 8 అండాలే వచ్చాయి. మిగతావి ఏమయ్యాయి?

చిన్న ఫాలికల్స్‌లో గోడ కణాలకి ఎల్‌హెచ్ రిసెప్టర్లు చాలక కబురు అందదు. క్యుములస్ విప్పారదు, అండం గోడకే అతుక్కుని ఉంటుంది, ద్రవంతో రాదు. వచ్చిన వాటిలో కూడా సాధారణంగా నాలుగింట మూడొంతులే ఎం2 దశలో ఉంటాయి. ఒక్క అండం కూడా రాకపోతే మొదట చూడాల్సింది ట్రిగ్గర్ ఒంట్లోకి వెళ్లిందా అని. రక్తంలో హెచ్‌సీజీ పరీక్షతో తెలుస్తుంది. వేళ తప్పడం, మందు చెడిపోవడం, కలపడంలో తేడా కారణాలైతే, రెండో వైపు అండాశయాన్ని ముట్టకుండా ఆపి, మళ్లీ ట్రిగ్గర్ ఇచ్చి 36 గంటల తర్వాత ప్రయత్నించే అవకాశం కొన్నిసార్లు ఉంటుంది. ట్రిప్టోరెలిన్ వాడి ఉంటే హెచ్‌సీజీ బదులు ఎల్‌హెచ్, ప్రొజెస్టరాన్ చూస్తారు.

ఇంత ముఖ్యమైన కణాల్ని ఇక్సీకి ముందు ఎందుకు ఒలిచేస్తారు?

ఇక్సీ అంటే ఒక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో అండంలోకి ఎక్కించడం. అప్పటికి ఆ కణాల పోషణ పని దాదాపు అయిపోయింది, అవి ఉంటే అండం దశ కనిపించదు. మిల్లీలీటరుకి 80 యూనిట్లు ఉండే హయలురోనిడేజ్ ద్రావణంలో అర నిమిషం లోపు ఉంచితే జిగురు కరుగుతుంది. తర్వాత మామూలు మీడియంలోకి మార్చి సన్నటి పిపెట్లతో మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే మిగిలిన కరోనా కణాలు ఊడిపోతాయి. ఎక్కువసేపు ఎంజైమ్‌లో ఉంచినా, పిపెట్ మరీ సన్నదైనా అండం దెబ్బతింటుంది. చల్లబడితే లోపలి క్రోమోజోముల అమరిక చెదురుతుంది, కాబట్టి 37 డిగ్రీలు తప్పనిసరి. పోలార్ బాడీ (మొదటి విభజనలో అండం బయటికి నెట్టే చిన్న కణం) కనిపిస్తే ఎం2. మామూలు ఐవీఎఫ్‌లో ఒలవరు, వీర్యకణాలు ఆ జిగురుని దాటుకునే వెళ్లాలి. క్యుములస్ వదిలే ప్రొజెస్టరాన్ వాటి కదలికకి ఊపు ఇస్తుంది కూడా.

## అండం వెళ్లాక

మిగిలిన కణాలు ఏమవుతాయి?

గోడలో మిగిలిన గ్రాన్యులోసా, థీకా కణాలు కార్పస్ లూటియంగా మారతాయి. మధ్య పొర తెగి రక్తనాళాలు లోపలికి చొచ్చుకొస్తాయి. ఈస్ట్రోజన్ చేసిన కణాలే ఇప్పుడు ప్రొజెస్టరాన్ చేస్తాయి, గర్భం రాకపోతే సుమారు 14 రోజులు. ఐవీఎఫ్‌లో సూదితో లాగేటప్పుడు కణాలు కొన్ని పోవడం ఒకటి, ఎక్కువైన హార్మోన్లతో పిట్యూటరీ ఎల్‌హెచ్ అణగడం అంతకన్నా పెద్ద కారణం. అందుకే బయటి నుంచి ప్రొజెస్టరాన్ ఇస్తారు.

ఫాలికల్ రప్చర్ అయిందని (పగిలిందని) ఎలా నమ్మాలి? టెస్ట్ ఎప్పుడు చేయాలి?

స్కాన్‌లో ఫాలికల్ ముడుచుకుని, వెనుక కొంచెం నీరు కనిపించాలి. వారం తర్వాత ప్రొజెస్టరాన్ మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే కణాలు మారాయని రుజువు, గోడ పగిలిందని మాత్రం అది ఒక్కటే చెప్పలేదు. హెచ్‌సీజీ వేసుకున్నవాళ్లు 14 రోజుల లోపు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తే ఇంజెక్షనే రెండో గీత చూపించవచ్చు.

## విద్యార్థులు అడిగేవి

అన్ని క్షీరదాల్లో లెక్క ఒకటేనా?

వరస ఒకటే, గడియారాలు వేరు. ఎలుకలో హెచ్‌సీజీ తర్వాత 12 నుంచి 14 గంటల్లో అండం విడుదలవుతుంది. ప్రయోగాల్లో ఎఫ్‌ఎస్‌హెచ్‌లా పనిచేసే పీఎంఎస్‌జీ 5 యూనిట్లు, 46 నుంచి 48 గంటలకి హెచ్‌సీజీ 5 యూనిట్లు ఇస్తారు. మొదటిది గ్రాన్యులోసాని సిద్ధం చేస్తుంది, రెండోది కదిలిస్తుంది. ఆవులో సర్జ్ తర్వాత 25 నుంచి 30 గంటలు. కుందేలు, పిల్లి, ఒంటెల్లో జత కట్టాకే సర్జ్ వస్తుంది. కుక్క తీరు వేరు: అండం పచ్చిగానే విడుదలై, ట్యూబులో రెండు మూడు రోజులకి పండుతుంది. దాని గ్రాన్యులోసా కణాలు విడుదలకి ముందే ప్రొజెస్టరాన్ మొదలుపెడతాయి కనుక, క్రాసింగ్ రోజు తేల్చడానికి పశువైద్యులు ప్రొజెస్టరాన్ పరీక్షే చేస్తారు.

కొన్ని గొర్రెలకి ఎప్పుడూ కవలలే. దానికీ ఈ కణాలకీ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రెల్లో ఫెక్‌బీ అనే మార్పు ఉంటుంది. గ్రాన్యులోసా కణాల్లో బీఎంపీ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ జన్యువులో వచ్చిన చిన్న తేడా అది. దాంతో కణాలు తొందరగా పండుతాయి, ఫాలికల్స్ చిన్న సైజులోనే ఎల్‌హెచ్‌కి సిద్ధమవుతాయి, ఒకటికి బదులు రెండు మూడు విడుదలవుతాయి. 1790లలో కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్లిన గొర్రెలతోనే ఈ జన్యువు అక్కడి బూరులా మెరినో గొర్రెలకి చేరింది. మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్కర్ సంస్థ గరోల్ నుంచి దీన్ని మన దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి నారి సువర్ణ అనే రకాన్ని రూపొందించింది.

కబేళా అండాశయాలతో ప్రాక్టికల్ చేస్తే క్యుములస్ విప్పారడం లేదు. ఎక్కడ తప్పుతోంది?

ముందు రవాణా చూడండి. అండాశయాలు 30 నుంచి 35 డిగ్రీల సెలైన్‌లో కొద్ది గంటల్లోనే ల్యాబ్ చేరాలి. 2 నుంచి 8 మిల్లీమీటర్ల ఫాలికల్స్ నుంచి 18 గేజ్ సూదితో తీయండి, గట్టిగా లాగితే క్యుములస్ ఊడిపోతుంది. మూడు పొరలకి మించి గట్టిగా అతుక్కున్న కణాలు, సమంగా కనిపించే అండం ఉన్నవే ఎంచుకోండి. ఒట్టి అండాలు మీడియంలో విప్పారవు, విప్పారడానికి వాటికి కణాలే లేవు. టీసీఎం 199 అనే మీడియంలో ఎఫ్‌ఎస్‌హెచ్, సీరం కలిపి, 38.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నిండు తేమలో 22 నుంచి 24 గంటలు ఉంచాలి. మీడియంని ఇంక్యుబేటర్‌లో రెండు గంటలైనా ముందే సమతుల్యం చేయకపోతే పీహెచ్ తేడా వస్తుంది. ఎల్‌హెచ్ ఒక్కటే ఇచ్చి ఫలితం లేదనేవాళ్లు, క్యుములస్ కణాల్లో దాన్ని పట్టుకునే రిసెప్టర్లు అంతంతమాత్రమే అని గుర్తుంచుకోవాలి. ఇక్కడ పనిచేసేవి ఎఫ్‌ఎస్‌హెచ్ లేదా ఈజీఎఫ్. సీరం మరిచిపోతే కణాలు హయలురోనన్ చేస్తాయి గానీ దాన్ని కట్టి ఉంచే ప్రోటీన్ లేక అది మీడియంలోకి పోతుంది. గిన్నె అడుగున కణాలు అతుక్కుని విడివిడిగా పాకుతూ కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది సీరాన్నే.